పడిన పెద్దలు – ఇంటి పరిచర్య

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో కుమారుడు గల్ఫు దేశంలోను, అతని తల్లి, భార్య, పిల్లలు ఊరిలోను ఉన్న ఇండ్లు నేడు అనేకం. గొల్లపల్లిలో అటువంటి ఒక ఇంటిని తలచుకొనండి. వేకువజామున పెరటిలోని మరుగుదొడ్డికి పోతూ అత్తగారు తడిబండ మీద జారి పడినది. సాయంత్రం కుమారుడు దుబాయి నుంచి టెలిఫోను చేసి, "అమ్మను మంచం దిగనీయకు, మళ్ళీ పడితే పూచీ నీదే" అంటాడు. ఇరుగుపొరుగులదీ అదే మాట. కోడలు భయపడి అన్నము, నీళ్ళు, సమస్తము మంచము వద్దకే చేరుస్తుంది. ప్రేమతోనే చేసే ఈ ఉపచారం వృద్ధురాలిని శాశ్వతంగా మంచానికి కట్టివేయగలదు. ఆ సంగతినే నేడు ముచ్చటించదలచినాను.

ముందుగా పడిన క్షణం మాట. చంకలలో చేతులు వేసి గభాలున లేవనెత్తరాదు. ఎక్కడ నొప్పి ఉన్నదో అడిగి, కాళ్ళు చేతులు తమంతట కదల్చగలరేమో చూడవలెను. గజ్జలో తీవ్రమైన నొప్పి ఉండి, ఒక కాలు పొట్టిగా కనిపించి, పాదము వెలుపలికి తిరిగి ఉంటే తుంటి వద్ద ఎముక విరిగినదని అనుమానించవలసినదే. అప్పుడు నూనె మర్దనము వద్దు, నాటు కట్టు అంతకన్నా వద్దు. 2005లో మొదలైన 108 అంబులెన్సును పిలిచి జగిత్యాల వంటి పెద్ద ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. శస్త్రచికిత్స అవసరమైతే అది ఒకటి రెండు రోజులలో జరగడమే మేలని వైద్యుల అభిప్రాయము. తలకు దెబ్బ తగిలినవారిలో మగత, వాంతి, మాట తడబాటు ఎప్పుడు కనిపించినా ఉపేక్షింపరాదు. రక్తము పలుచబడే మాత్రలు వాడేవారిలో ఈ లక్షణాలు కొన్ని వారాల తరువాత కూడ తోచవచ్చును.

ఇక ఎముక విరగలేదని తేలినా, శస్త్రచికిత్స ముగిసినా, ఇంటికి వచ్చిన నాటినుంచే అసలు పని మొదలవుతుంది. విశ్రాంతి ఎంత ఉంటే అంత మంచిదని మనలో గట్టి నమ్మకం. 2007లో అమెరికా వైద్య పత్రికలో వెలువడిన ఒక పరిశీలనను చూడండి. ఏ రోగమూ లేని వృద్ధులను 10 దినాలు మంచము మీదనే ఉంచగా, వారి కాళ్ళలోని కండ దాదాపు ఒక కిలో తరిగినది. ఆరోగ్యవంతుల గతియే అది! దెబ్బ తగిలినవారి సంగతి చెప్పనేల? పైగా ఊపిరితిత్తులలో కఫము చేరుతుంది, మలబద్ధము కలుగుతుంది, నడుము క్రింద, మడమల వద్ద పుండ్లు పడతాయి. అందుకే తుంటికి శస్త్రచికిత్స చేసిన వైద్యులు తరచు మరునాడే రోగిని కూర్చుండబెట్టి, నిలబెట్ట చూస్తారు.

ఆసుపత్రి విడిచే ముందు మూడు ప్రశ్నలు తప్పక అడుగవలెను: కాలిమీద ఎంత బరువు మోపవచ్చును? నేలమీద, బాసిపట్లు వేసి కూర్చుండవచ్చునా? అసలు ఎందుకు పడినారు? ఈ మూడవ ప్రశ్నను చాలామంది మరచిపోతారు. రక్తపు పోటు మాత్రయో, నిద్రమాత్రయో, చూపు మసకయో కారణమైతే, దానిని సరిచేయక ఎన్ని జాగ్రత్తలు తీసుకొన్నా ప్రయోజనం స్వల్పము.

నులక మంచము లేవడానికి పనికిరాదు. నడుము లోనికి కుంగిపోతుంది. మోకాలి ఎత్తు గల గట్టి మంచము, చేతులున్న కుర్చీ కావలెను. లేచేముందు కాళ్ళు క్రిందికి వేసి రెండు నిమిషాలు కూర్చుండనిచ్చి, కళ్ళు తిరగడం లేదని తెలిసిన తరువాతనే నిలువనీయవలెను. కోడలు ప్రక్కన ఉండవలెనే గాని చేయి పట్టి లాగరాదు. కుర్చీ చేతులమీద తన చేతులు ఆనించి ఆమెయే లేవవలెను. చేతికర్రను దెబ్బతిన్న కాలి వైపు పట్టడం మనవారికి అలవాటు. పట్టవలసినది రెండవ చేతిలో. చేయి వ్రేలాడవేసినపుడు కర్ర పిడి మణికట్టు ఎత్తుకు రావలెను. మెట్టు ఎక్కేటపుడు మంచి కాలు ముందు, దిగేటపుడు నొప్పి కాలు ముందు. మొదటి దినము కుర్చీ దాకా, తరువాత గడప దాకా, ఆపైన అరుగు దాకా. వైద్యుడిచ్చిన నొప్పి మాత్ర నడిపించడానికి అరగంట ముందు పడితే ఆమెకూ సుఖము, కోడలికీ సుఖము.

ఒక చిన్న సంగతి. మరుగుదొడ్డికి పోవలసి వస్తుందనే భయముతో పెద్దవారు, ముఖ్యంగా స్త్రీలు, నీళ్ళు త్రాగడమే మానుకొంటారు. కోడలిని రాత్రివేళ లేపడానికి మొగమాటం! నీళ్ళు తగ్గితే కళ్ళు తిరుగుతాయి, తిరిగితే మళ్ళీ పడతారు. రాత్రికి మంచము ప్రక్కన కమోడు కుర్చీ పెట్టి, ఒక దీపము వెలుగుతూ ఉంచితే ఆ మొగమాటం తీరుతుంది. ఆహారము కూడ పథ్యము పేరిట వట్టి గంజిగా ఉండరాదు. వైద్యుడు వద్దననంత వరకు పప్పు, పాలు, గ్రుడ్డు, తైదల అంబలి కావలెను.

శరీరముకన్న మనస్సు ఆలస్యంగా లేస్తుంది. "నాతో కాదు బిడ్డా" అని అత్తగారు అన్నపుడు వాదించవద్దు. "అత్తమ్మా, ఈ బియ్యములో మెరికలు ఏరి పెట్టు, నేను బీడీలు చుట్టుకొంటాను" అని అరుగుమీది కుర్చీకి రమ్మనండి. పని ఉన్నచోటికి ఆమె నడిచి వస్తుంది. కోడలికి కూడ నడుము విరుపు, నిద్రలేమి ఉంటాయని ఇంటివారు గుర్తించి, వారానికి ఒక పూట ఆడబిడ్డ వచ్చి కూర్చుండడం న్యాయము.

దూరదేశాన ఉన్న కుమారులకు ఒక్క మాట. టెలిఫోనులో ఇకమీదట "అమ్మ మంచము మీదనే ఉన్నదా?" అని కాక, "ఈ దినము ఎంత దూరము నడిచినది?" అని అడగండి. రానున్న నెల పంపే డబ్బులో కొంత తీసి, మరుగుదొడ్డి గోడకు రెండు ఇనుప పట్టుకమ్ములు బిగింపించి, ఆ నున్నని బండలను తీయించి గరుకు బండలు పరపించండి.