సంతకం మన హక్కు, ఆరోగ్యం మన బిడ్డల హక్కు

(అనకాపల్లిలో జరిగిన ఆరోగ్య అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకా గురించి మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తున్నాయి. ఆ సూది వేస్తే ఆడపిల్లలకు సంతానం కలగదన్నది ఒకటి. పేదల పిల్లలపై ప్రయోగాలు చేస్తారన్నది రెండోది. మొదటి మాటకు ఎటువంటి ఆధారమూ లేదు. రెండో భయం వెనుక మాత్రం తెలుగు నేలపై జరిగిన ఒక చేదు అనుభవం ఉంది.

2009 జూలైలో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో అమెరికాకు చెందిన ‘పాత్’ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి సుమారు 14,000 మంది బాలికలకు ఈ టీకా వేయించాయి. వారిలో ఎందరో వసతి గృహాల్లో చదువుకుంటున్న గిరిజన బిడ్డలు. నలుగురు బాలికలు మరణించారన్న వార్తలు, మహిళా సంఘాల ఆందోళన నడుమ 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని నిలిపివేసింది. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. తేలింది మరొకటి. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఉద్యోగ జీవితమంతా కాగితాల మధ్య గడిపినవాణ్ణి. సంతకం విలువ నాకు తెలుసు. అడగకుండా మేలు చేసినా అది మనిషిని చిన్నచూపు చూడడమే. అయితే అక్కడ దోషం అంగీకారం తీసుకున్న తీరులో ఉంది. దానికి శిక్షగా మన బిడ్డలకు రక్షణ లేకుండా చేయడం న్యాయమా?

ఈ క్యాన్సర్‌కు హ్యూమన్ పాపిలోమా వైరస్ కారణమని నిరూపించిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలో ఏటా లక్షకు పైగా స్త్రీలు ఈ వ్యాధి బారిన పడుతున్నారు. 2010లో దేశంలోని మరో అధ్యయనంలోనూ టీకాలు ఆగిపోవడంతో వేలాది బాలికలకు ఒక్క మోతాదే అందింది. వారిని ఏళ్ల తరబడి గమనించగా, ఆ ఒక్క మోతాదే చక్కని రక్షణ ఇస్తున్నట్లు తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదు విధానాన్ని ఆమోదించడానికి మన బిడ్డల నుంచి లభించిన ఈ ఆధారం కూడా తోడ్పడింది. అదే ఏడాది పుణెలోని సీరం సంస్థ తయారుచేసిన ‘సెర్వావాక్’ టీకాకు అనుమతి లభించింది.

పెళ్లికాని పిల్లకు ఇదెందుకని కొందరు తల్లులు బిడియపడుతున్నారు. వైరస్ సోకకముందు వేస్తేనే టీకా బాగా పనిచేస్తుంది. అందుకే 9 నుంచి 14 ఏళ్ల వయసును ఎంచుకున్నారు. బిడ్డ నడవడికకూ దీనికీ సంబంధం లేదు. మలేషియా 2010 నుంచే పాఠశాలల్లో ఈ టీకా వేస్తోంది. ప్రాణ రక్షణ షరీఅత్ లక్ష్యాల్లో ఒకటని మన ఉలమాలు చెబుతూనే ఉన్నారు.

కనుక నా విన్నపం ఇది. టీకా వేయడానికి వస్తే తలుపు మూయకండి, చదవకుండా సంతకమూ పెట్టకండి. టీకా పేరేమిటి, ఎన్ని మోతాదులు, జ్వరమో నొప్పో వస్తే ఎవరిని కలవాలి అని అడగండి. పత్రం తెలుగులోనో ఉర్దూలోనో ఇవ్వమనండి. చదవడం రాని తల్లికి మన యువకులు చదివి వినిపించాలి. 30 ఏళ్లు దాటిన స్త్రీలు ప్రభుత్వ ఆసుపత్రిలో ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. టీకా వేయించుకున్నవారికీ ఈ పరీక్ష అవసరమే.

ఖమ్మంలో ఆ తల్లిదండ్రులను ఎవరూ అడగలేదు. మనల్ని అడిగే రోజున తెలిసి జవాబు చెబుదాం. సెలవు.