రెండవ గోల్‌కీపరు

క్రీడాకారుల యింట పుట్టిన బిడ్డకు ఆటస్థలమునకు దారి చూపువారు ఇంటిలోనే యుందురు. బాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు తల్లిదండ్రు లిరువురును వాలీబాల్ ఆడినవారే. తండ్రి రమణ 1986లో సియోల్ ఆసియా క్రీడలందు కాంస్యపతకము గెలిచిన భారతజట్టులోనివారు. అట్టి గృహమున తెల్లవారకముందే బిడ్డను నిద్రలేపి మైదానమునకు పంపుట వింత గాదు. ఓటమి యన నేమో, దెబ్బ తగిలిన నెన్ని దినములు విశ్రాంతి కావలయునో పెద్దలకు ముందే తెలిసియుండును. ఆ తోడు లేని యింటినుండి బయలుదేరి దేశపుజట్టును చేరిన యొకరి కథను నేడు శ్రోతలకు విన్నవింపదలచితిమి.

తిరుపతికి పడమరగా భాకరాపేట కనుమ దాటి తలకోన వైపు పోవుదారిలో ఎర్రావారిపాళెం మండలము కలదు. అచ్చటి ఎనుములవారిపల్లెలో 1990 జూన్ 9వ తేదీన ఎతిమర్పు రజని జన్మించిరి. అది నాడు చిత్తూరు జిల్లా. 2022లో జిల్లాలను విభజించినపుడు తిరుపతి జిల్లాలో చేరినది. తండ్రి వడ్రంగి. ఉలియు బాడిసయు నెరిగిన యింటికి హాకీకర్ర క్రొత్తది. హాకీ యనగా పంజాబు, హర్యానా, ఒడిశా, జార్ఖండు పేర్లే స్ఫురించు మన దేశమున, రాయలసీమ పల్లెనుండి యొక బాలిక ఆ ఆటను చేపట్టుటయే విశేషము. అందును ఆమె చేపట్టినది గోల్‌కీపరు స్థానము.

ఆ స్థానపు స్వభావమును కొంత చెప్పవలసియున్నది. హాకీ గోలు పండ్రెండడుగుల వెడల్పు, ఏడడుగుల యెత్తు. గట్టిబంతి పదిమంది నడుమనుండి, ఒక్కొక్కపుడు కంటికి కానరాకయే, దూసికొని వచ్చును. గోల్‌కీపరు కర్రతోనే గాక కాలితో, చేతితో, ఒడలంతటితోను దాని నడ్డుకొనవచ్చును. ముందువరుసలో ఆడువారు పదిసార్లు గురి తప్పి పదునొకండవసారి గోలు కొట్టిన, లోకము మెచ్చుకొనును. గోల్‌కీపరు పది బంతులాపి యొకటి విడిచిన, ఆ యొకటియే లెక్కకు వచ్చును.

ఇంతకంటె కఠినమైన స్థానము మరియొకటి కలదు. అది రెండవ గోల్‌కీపరు స్థానము. హాకీలో తక్కినవారిని మాటిమాటికి మార్చుచుందురు; అలసినవారు బయటికి వత్తురు, సేదదీరి మరల లోనికి పోవుదురు. గోల్‌కీపరును మాత్రము సాధారణముగా మార్చరు. కనుక రెండవవారు మొదటివారితో సమానముగా సాధన చేసి, సమానముగా శరీరమును కాపాడుకొని, పోటీనాడు గట్టుమీద కూర్చుండవలయును. పిలుపు రాకపోవచ్చును, వచ్చినచో ఆ నిమిషముననే సిద్ధముగా నుండవలయును.

రజని క్రీడాజీవితములో బహుభాగ మిట్లు గడచినది. ఆమె కాలమున మొదటి స్థానము హర్యానాకు చెందిన సవితా పునియాది. సవిత లోకప్రసిద్ధి గాంచిన గోల్‌కీపరు. 2017లో జపానులోని కకమిగహరలో ఆసియా కప్పు తుదిపోటీ సమముగా ముగిసి, షూటౌటులో చైనాపై 5–4తో మనము గెలిచితిమి. 2018లో జకార్తా ఆసియా క్రీడలందు రజతము, 2022లో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్తు క్రీడలందు కాంస్యము లభించినవి. ఈ మూడు జట్లలోను రజని యుండిరి. కరోనా మూలమున 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సుకు అదనపు గోల్‌కీపరుగా వెళ్లిరి. అచ్చట మన జట్టు ఆస్ట్రేలియాను 1–0తో ఓడించి, తుదకు నాలుగవ స్థానమున నిలిచినది. మనదేశపు మహిళలు ఒలింపిక్సు హాకీలో అంతదూరము పోవుట అరుదు. తిరిగి వచ్చిన పిదప రాష్ట్రప్రభుత్వము రజనికి 25 లక్షల రూపాయలును, తిరుపతిలో ఇంటిస్థలమును ప్రకటించినది.

ఓపికకు ఫలము 2024 జనవరిలో కనబడినది. ఒమాను రాజధాని మస్కట్టులో ఐదుగు రాడెడి హాకీకి మొట్టమొదటి ప్రపంచకప్పు జరిగినది. భారత మహిళాజట్టుకు నాయకురాలు రజని. ఈ ఆటలో మైదానము చిన్నది. వృత్తములోనికి వచ్చిన గాని గోలు కొట్టరాదను నిర్బంధము లేదు. కనుక గోల్‌కీపరునకు ఊపిరి సలుపదు. న్యూజిలాండును 11–1తోను, దక్షిణాఫ్రికాను 6–3తోను గెలిచి మనవారు తుదిపోటీ చేరిరి. జనవరి 27న నెదర్లాండ్సు చేతిలో 7–2తో ఓడి రజతము తెచ్చిరి. ఏడుగోళ్లు పడిన దినము ఏ గోల్‌కీపరునకును తీపి దినము గాదు. అయినను ఏండ్లతరబడి గట్టుమీద వేచియున్న వ్యక్తిని ముందు నడువుమని దేశము కోరినదన్న మాట నిలిచియున్నది.

ఇందు మా లోపము నొకదానిని ఒప్పుకొనవలయును. రేడియోలో ఆటను వర్ణించు మా మాట బంతివెంటనే పరుగిడును. బంతి లేనిచోట నున్నవారి పేరు శ్రోత చెవిని పడదు. ఊరిలో తల్లిదండ్రులు గంటసేపు రేడియోవద్ద కూర్చుండినను, తమ బిడ్డ పేరు ఒక్కసారియు వినబడక పోవచ్చును. "మీ అమ్మాయి ఆడినదా?" యని ఇరుగుపొరుగు అడిగినచో వారేమి చెప్పగలరు?

ఆడినదనియే చెప్పవలయునని మా అభిప్రాయము. మొదటి గోల్‌కీపరు ప్రతిదినము సాధన చేయునపుడు, తన స్థానమునకు తగిన మరియొకరు ప్రక్కనే యున్నారన్న ఎరుకయే ఆమెను మెలకువగా నుంచును. రెండవవారు బలహీనులైన, మొదటివారును సడలుదురు.

మన యిండ్లలో ఆటకు పోవుదునను బాలికను పెద్దలు మొదట అడుగు ప్రశ్న "గెలుతువా?" యని. ఎనుములవారిపల్లె వడ్రంగియింట ఆ ప్రశ్నకు జవాబు దొరకుటకు ఎన్నియో యేండ్లు పట్టినది. అంతవఱకు ఆ బిడ్డను వెనుకకు పిలువకుండుటయే ఆ యింటివారు చేసిన గొప్పపని. క్రీడాకుటుంబ మనిపించుకొనుటకు తల్లిదండ్రులు స్వయముగా ఆడియుండవలసిన పనిలేదని మేము తలంచుచున్నాము.