మందు చల్లువారి రక్తములో తోకచుక్కలు



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు మాగాణులలో వరికి దోమ, వెనుక వేసిన మినుముకు తెల్లదోమ, మారుకా పురుగు పట్టుట, మనము మందు చల్లుట మీ యెరిగినదే. పురుగు చచ్చినదో లేదో మరునాడు చేలో చూచుకొందుము. చల్లిన మనిషి ఒంటిలో ఏమి జరిగినదో చూచుట యెట్లు?

జీవకణములో వంశలక్షణములను మోయు సన్నని పోగు డి.ఎన్.ఎ. ఊపిరితో పీల్చిన ఆక్సిజన్ నుండియే పుట్టు కొన్ని తీవ్రపదార్థములు దానిని కొంత చెరచుచునే యుండును. శరీరము చాలవరకు బాగుచేసికొనును. కొన్ని పురుగుమందులు ఒంట చేరినచో ఆ చెరుపు హెచ్చును.

దీనిని పట్టుటకు కామెట్ పరీక్ష కలదు. 1984లో ఓస్ట్లింగ్, యోహాన్సన్ అను స్వీడన్ శాస్త్రజ్ఞులు దీనికి దారి చూపిరి. కొద్దిపాటి రక్తములోని తెల్లకణములను గాజుపలకపై జున్నువంటి అగరోజ్‌లో పొదిగి, పైపొరలు కరిగించి, విద్యుత్తు పంపుదురు. పోగు తెగిన ముక్కలు ధనధ్రువమువైపు సాగును. రంగు అద్ది సూక్ష్మదర్శినిలో చూచిన, చెడని కణము గుండ్రముగను, చెడినది తోకచుక్కవలెను కన్పట్టును. ఆక్సీకరణముచే చెడిన చోట్లనే కత్తిరించు ఎంజైమును కలిపినచో, అదనముగా పెరిగిన తోక ఆ నష్టమునకే గుర్తు.

హైదరాబాదు శాస్త్రజ్ఞులు పురుగుమందుల కర్మాగార కార్మికులను ఇట్లే పరీక్షించి, ఇతరులకంటె తోకలు పొడవైనట్లు 2003లో ప్రకటించిరి.

అయితే ఫలానావానికి ఫలానా జబ్బు వచ్చునని ఈ పరీక్ష చెప్పదు. చుట్ట, బీడీ కూడ తోకను పెంచవచ్చును. కనుక దీనికై ఆస్పత్రులకు పరుగెత్తవలదు. మందును చేతితో కాక కర్రతో కలుపుడు. గాలికి ఎదురుగా చల్లకుడు. విడిచిన చొక్కాను ఇంటి బట్టలలో వేయకుడు. ఉతుకు ఇల్లాలి చేతులకును ఆ మందే అంటును.