దస్తావేజుల పెట్టెలో శవము

అపరాధ పరిశోధక నవలలు కాలక్షేపమునకే గాని వేఱొకందులకు పనికిరావని కొందఱందురు. మైఖేల్ గిల్బర్ట్ 1950లో ప్రకటించిన ‘స్మాల్‌బోన్ డిసీస్డ్’ ఆ మాటకు తగిన సమాధానమని మేము తలంతుము.

లండనులోని లింకన్స్ ఇన్‌లో ఒక న్యాయవాదుల కచేరి. దాని పెద్ద ఏబెల్ హార్నిమన్ ఇటీవలనే మరణించెను. కాగితములను క్రమముగా భద్రపఱచుటలో ఆయన పేరుమోసినవాడు. ఒకనాడు ఒక ట్రస్టు పత్రములకై పెట్టె తెఱవగా అందు స్మాల్‌బోన్ శవము కనబడినది. హార్నిమనుతోపాటు ఆ ట్రస్టుకు ధర్మకర్తగా నుండినవాడే యీ స్మాల్‌బోన్!

హత్య చేసినవారు కచేరిలోనివారే. రాత్రికి రెండు గంటలైనను నిదురపట్టని యువన్యాయవాది హెన్రీ బూన్ కొత్తగా చేరినవాడగుటచే అనుమానమునకు దూరుడు. ఇన్‌స్పెక్టర్ హేజల్‌రిగ్గునకు అతడే తోడ్పడును. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధరు వెంట పరుగిడిన పాఠకులు ఇచ్చట ఉత్తరములను, లెక్కలను ఓపికతో పరిశీలింపవలెను. గిల్బర్ట్ స్వయముగా లింకన్స్ ఇన్‌లో పనిచేసిన న్యాయవాది. రైలు ప్రయాణములలో నవలలు వ్రాసెను. కావుననే కచేరి వాతావరణమంత సహజముగా నున్నది.

ఏర్గట్లలోనైనను, బోధనులోనైనను పట్టా కాగితములను సందూకులో దాచుకొను గృహస్థులకు ఈ కథ పరాయిది కాదు. తాళమెంత గట్టిదైన నేమి? తాళపుచెవి ఎవరి చేత నున్నదన్నదే ప్రశ్న. లెక్క అడుగువారు లేనిచోట చక్కని క్రమమే నేరమునకు తెర యగును. నమ్మి యప్పగించుట మంచిదే. ఏడాది కొకసారి పెట్టె తెఱచి చూచుట మఱింత మంచిది.