వేపగింజల కషాయం: పోయినేడు మేం చేసిన తప్పు



పోయిన మహాసభలో ఇదే మైకు పట్టుకొని "వేపగింజల కషాయం పనిచెయ్యదు" అని చెప్పి కూర్చున్నది మేమే. ఈసారి ఆ మాట వెనక్కి తీసుకుందామని వచ్చాం. తప్పు కషాయానిది కాదు, మాది.

అప్పుడు రెండేళ్ల కిందటి గింజలు దంచాం. ప్లాస్టిక్ సంచుల్లో మూటగట్టి పెట్టినవి, సగం బూజు పట్టినయ్. తీసిన కషాయాన్ని రెండు రోజులు డ్రమ్ములో ఉంచాం. మిట్టమధ్యాహ్నం కొట్టాం. అదీ పత్తిలో శనగపచ్చ పురుగు బాగా లావెక్కిన తర్వాత! పురుగు చావలేదు. మళ్లీ మందుల షాపుకు పోయి ఉద్దెర తెచ్చాం. పత్తి అమ్మిన పైసలు షాపు బాకీకే సరిపోలేదు, సంఘం కిస్తీ రెండు నెలలు ఆగింది. ఇంట్లో పడిన మాటలు వేరే.

తర్వాత తెలుసుకున్నదేమంటే, వేపగింజ పప్పులో అజాడిరాక్టిన్ అనే పదార్థం ఉంటుంది. షాపు మందులాగా అది పురుగును అక్కడికక్కడ పడగొట్టదు. ఆకు తినబుద్ధి కానియ్యదు. తిన్న పిల్ల పురుగుకు కుబుసం సరిగా ఊడదు, ఎదగకుండానే చస్తుంది. అందుకే గుడ్లు, చిన్న పురుగులు కనబడ్డప్పుడే కొట్టాలి. ఎండకు దాని బలం పోతుంది కాబట్టి సాయంత్రమే కొట్టాలి. కాయ లోపలికి దూరిన గులాబీ రంగు పురుగును మాత్రం ఇది అందుకోలేదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఈ ఏడు రాలిన వేపపండ్లు రాలినట్టే ఏరాం. గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, గోనె సంచుల్లో పోశాం. 5 కిలోల పప్పు పొడిని పల్చటి గుడ్డలో మూటగట్టి రాత్రంతా 10 లీటర్ల నీళ్లలో నానేశాం. తెల్లారి మూటను పిండి పిండి సారమంతా దింపి, వడగట్టి, మొత్తం 100 లీటర్లు చేశాం. 100 గ్రాముల సబ్బు పొడి కలిపాం. సబ్బు లేకపోతే ఆకు మీద నిలవదు, జారిపోతుంది. ఆ సాయంత్రమే కొట్టేశాం, మిగిలింది దాచలేదు.

మాలో ఎనిమిది మందిమి ఇట్లా చేశాం. ఇద్దరికి చివర్లో షాపు మందు కొట్టక తప్పలేదు, దాచడమెందుకు? మిగతా ఆరుగురికి ఈసారి షాపులో బాకీ లేదు.

ఇది మేం కనిపెట్టింది కాదు. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల ఊరు 2003లోనే పురుగుమందులు మానేసిన ఊరుగా ప్రకటించుకుంది. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో మనలాంటి మహిళా సంఘాల ద్వారానే ఈ పద్ధతి చాలా ఊళ్లకు పోయింది.

ఇంకో మాట. చెట్టు మందే గదా అని పొగాకు కషాయం ఉత్త చేతులతో కలపకండి. అందులోని నికోటిన్ విషం, చర్మంలోంచి కూడా ఒంట్లోకి దిగుతుంది. మాలో ఒకామె అట్లాగే కలిపి, తల తిరిగి వాంతులతో పడిపోయింది. పిల్లలకు అందేచోట అసలే పెట్టొద్దు.

చివరగా సమాఖ్యను ఒకటి అడుగుతున్నాం. గింజలు దంచేసరికి మా రెక్కలు పడిపోతున్నయ్. మూడు నాలుగు ఊళ్లకు కలిపి ఒక పిండి మర కొనడానికి అప్పు ఇప్పించండి, వాయిదాలు మేం కడతాం. వేపపండ్లు రాలే లోపల మర ఊళ్లో ఉండాలి. ఈ మాట ఇవాళ్టి తీర్మానాల్లో రాయించండి.