పాపికొండల పడవ యాత్ర – మన బాధ్యత

పంచాయతీ సభ్యులారా!

భద్రాచల రాముని దర్శించిన యాత్రికులు అనేకులు పోచవరము రేవున లాంచీ ఎక్కి పాపికొండలను చూచి వచ్చుచున్నారు. పేరంటపల్లి వద్ద వెదురు వస్తువులు అమ్ము గిరిజనులకు ఇదియొక జీవనాధారము.

అయినను 2019 సెప్టెంబరు 15వ తేదీని మనము మరువరాదు. ఆనాడు గోదావరి వరదలో నుండగా, రాజమహేంద్రవరము వైపు నుండి 77 మందితో వచ్చుచున్న లాంచీ కచ్చులూరు వద్ద మునిగెను. దరినున్న పల్లెవారు నాటుపడవలలో పోయి పలువురిని ఒడ్డు చేర్చిరి. బ్రతికినవారు 26 మందియే.

ఆపదలో ముందుగా చేరువారు గ్రామస్థులే. కావున ఆపదను ముందుగా నివారింపవలసినవారును మనమే. మేము కోరునది మూడు మాటలు: వరదలో లాంచీ కదలినచో వెంటనే అధికారులకు కబురంపుడు, ఎక్కినవారిని లెక్కించి పేర్లు రేవున వ్రాయింపుడు, లైఫ్‌జాకెట్టు తొడుగనివారిని ఎక్కనీయకుడు.

నేడు పోయిన బేరము రేపు వచ్చును. పోయిన ప్రాణము రాదు.