సబ్బుబిళ్ల కూడా సరుకే
(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



నెల మొదట్లో మనం రాసుకునే సరుకుల చీటీ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. బియ్యం, పప్పులు, నూనె అన్నీ అయ్యాక, అడుగున ఎక్కడో ఒంటిసబ్బులు, బట్టలసబ్బు, పళ్లపేస్టు, తలనూనె వస్తాయి. వాటికెంతయిందో మనం పెద్దగా లెక్క చూడం. చాలీచాలని జీతంతో నెట్టుకొచ్చే ఇంట్లో మాత్రం, డబ్బు తక్కువపడగానే ముందు కొట్టేసేది ఆ అడుగు వరసలనే. అన్నం లేకపోతే పిల్లలు ఏడుస్తారు. సబ్బు లేకపోతే ఏడవరు కదా!

రేషన్ కార్డు మీద బియ్యం వస్తాయి. 2013 నాటి ఆహార భద్రతా చట్టం తిండిగింజల కోసం చేసింది, సబ్బు దాని లెక్కలోకి రాదు. పోనీ ఎవరినైనా అడుగుదామా అంటే, "అమ్మగారూ, ఇంత కూరుంటే పెట్టండి" అని అడగగలిగిన మనిషి కూడా "ఇంట్లో సబ్బు లేదండీ" అని నోరు విప్పలేదు. ఇక నెలనెలా ఆడవాళ్లకు కావలసిన వాటి మాట చెప్పనే అక్కర్లేదు.

ఇవేవీ చూడకుండా "వాళ్లకి శుభ్రం అంటే తెలీదండీ" అనేస్తూ ఉంటాం. ఒకటే గది, వీధి కుళాయి దగ్గర బిందెల వరస. అలాంటి చోటి నుంచి ఉతికిన చీర కట్టుకుని తెల్లారేసరికి మనింటికి పనికి రావడమే గొప్ప అంటాను నేను. "పూర్వం సబ్బులున్నాయా? కుంకుడుకాయలూ, సున్నిపిండీ చాలవూ?" అనే పెద్దలూ ఉన్నారు. పెరట్లో కుంకుడు చెట్టూ, ఇంట్లో పెసలూ ఉన్నవాళ్ల మాట అది. పట్నంలో కుంకుడుకాయలకైనా డబ్బే పెట్టాలి.

బహిష్టు సంగతి కొంచెం విడమరిచి చెప్పుకుందాం, మొహమాటం లేకుండా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు సగం మంది గుడ్డ వాడుతున్నామన్నారు. కొందరు ప్యాడ్లూ, గుడ్డా రెండూ వాడతారనుకోండి. గుడ్డ వాడటం తప్పేం కాదు. శుభ్రమైన నూలుగుడ్డని సబ్బుతో ఉతికి, ఎండలో బాగా ఆరేసి, వేళకు మార్చుకుంటే ఇబ్బంది లేదు. కానీ ఆ సబ్బేదీ? ఆ ఎండేదీ? నలుగురూ తిరిగే సందులో తీగ మీద వెయ్యలేక, గదిలో ఓ మూల ఇంకో బట్ట కింద దాచి ఆరేస్తారు. ఆ తడి ఆరని గుడ్డతో ఒరుపులూ, దురదలూ. బడికెళ్లే పిల్లయితే, మరక పడుతుందేమోనన్న భయంతో ఇంట్లోనే ఉండిపోతుంది.

ప్రభుత్వాలు అసలేం చెయ్యలేదని కాదు. ప్యాడ్ల మీద జీఎస్టీ 2018 జూలైలో ఎత్తేశారు. ఒంటిసబ్బు, పేస్టు, తలనూనెల మీద 18 శాతం ఉన్నదాన్ని 2025 సెప్టెంబరులో 5 శాతం చేశారు. జన ఔషధి దుకాణాల్లో ప్యాడ్ ఒకటి రూపాయి చొప్పున 2019 ఆగస్టు నుంచి అమ్ముతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో 'స్వేచ్ఛ' అనే పేరుతో ప్రభుత్వ బడుల్లో 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. బాగుంది. మరి బడి మానేసిన పిల్లకో? వాళ్లమ్మకో?

అందుకని మన చీటీలో ఇంకో వరస చేర్చుకుందాం. మనింట్లో పనిచేసే ఆవిడకు నెలకు రెండు ఒంటిసబ్బులు, ఓ బట్టలసబ్బు, ఓ ప్యాడ్ల ప్యాకెట్టు. కొత్తవే ఇవ్వండి. హోటల్లో ఇచ్చిన చిట్టి సబ్బులూ, వాసన నచ్చక పక్కన పడేసిన పౌడర్లూ వద్దు. జీతంలో కోసుకోవద్దు. ప్యాడ్లో, గుడ్డో, ఏది అలవాటో మగవాళ్లు లేనప్పుడు మెల్లిగా అడగండి. అన్నట్టు, మన స్నానాలగది ఆవిణ్ణి వాడుకోనిస్తున్నామా? చాలా ఇళ్లలో వాడుకోనివ్వరు. పొద్దుటి నుంచి నాలుగిళ్లు తిరిగే మనిషి ఆ రోజుల్లో గుడ్డ మార్చుకోవడానికి ఎక్కడికి పోతుంది?

మహిళా మండలి ఉన్నవాళ్లు దగ్గర్లోని బడిలో ఒక టీచరమ్మతో మాట్లాడి, అలమరలో ప్యాకెట్లు పెట్టించవచ్చు. ఏ పిల్లా అడగనక్కర్లేకుండా, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకునేలా ఉండాలి. వాటితో పాటు పాత కాగితాలూ, ఒక మూతబుట్టా కూడా ఇవ్వండి. అది లేకపోతే ప్యాడ్లన్నీ మరుగుదొడ్డిలోకే పోయి గొట్టాలు పూడిపోతాయి, ఉన్న ఆ ఒక్క దొడ్డికీ తాళం పడుతుంది.